ఓడినోడే అడగాలె

పెళ్ళయిన నలభై రోజుల్లో ప్రియదర్శిని రెండు సంగతులు కనిపెట్టింది. ఒకటి, చలికాలంలో పాలగిన్నెను కంప్యూటరు వెనక పెడితే పెరుగు కత్తితో కోసేంత గట్టిగా తోడుకుంటుంది. రెండు, మామగారు జగపతికి చదరంగం రాదు.

మొదటిది తెలిసిన రోజు ఆమె చప్పట్లు కొట్టింది. రెండోది తెలిసిన రోజు నవ్వు బయటికి రాకుండా కొంగు నోట్లో కుక్కుకుంది.

నర్సింహులపేటలో ఆ రెండో సంగతి తెలియనివాడు జగపతి ఒక్కడే. ఆయనకు ముప్ఫై ఎకరాల పొలం, రెండుసార్లు సర్పంచిగా చేసిన పేరు, ఆ పేరుకంటే రెండడుగులు ముందు నడిచే మీసం ఉన్నాయి. పదవి పోయి ఇరవై ఏళ్ళయినా తహసీలు ఆఫీసులో ఆయన ఫోను చేస్తే ఇంకా ఎత్తుతారు. ఆదివారం పొద్దున్నే వరండాలో పీట వేయించి చదరంగం బల్ల పరిచేవాడు. పని ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి ఎదురుగా కూర్చుని, ఆడి, ఓడి, చేతులు కట్టుకుని, అప్పుడు వచ్చిన పని చెప్పుకునేవాళ్ళు.

ఇది ఎవరో కూర్చుని పెట్టిన రివాజు కాదు. ముప్ఫై ఏళ్ళ కింద పశువుల దవాఖాన కంపౌండరు ఒకాయన జగపతితో ఆడి ఓడిపోయి, ఓడిన ఉక్రోషంలోనే ఒక కాగితం ముందుకు తోశాడట. గెలిచిన ఊపులో జగపతి చదవకుండా సంతకం పెట్టాడట. ఊరు తెలివైనది. ఒక్కసారి చూసి నేర్చుకుంది. తర్వాత జగపతే దానికి ఒక నీతిని కూడా అతికించాడు. "గెలిచినోనికి గెలుపు దక్కె. ఇగ వాడేం అడుగుతడు? ఓడినోడే అడగాలె" అని మీసం దువ్వేవాడు. అలా ముప్ఫై ఏళ్ళుగా ఊరు ఓడుతూ పనులు చేయించుకుంటోంది. ఆయన గెలుస్తూ, తనంత ఆటగాడు జిల్లాలో లేడని నమ్ముతూ వస్తున్నాడు.

ఆయన ఆటకు ఒక ప్రత్యేకత ఉంది. మొదటి ఎత్తులో అంచునున్న బంటును రెండు గడులు జరుపుతాడు. రెండో ఎత్తులో దాని వెనకున్న ఏనుగును బయటికి తోలుతాడు. చదరంగం నేర్చుకున్న మూడోరోజు పిల్ల ఎవరైనా ఎదుటినుంచి ఒంటెను పంపి ఆ ఏనుగును ఎత్తుకుపోతుంది. నర్సింహులపేటలో మాత్రం ఆ ఏనుగు బయటికి రాగానే ఎదుటివాడు దగ్గేవాడు, ఆకాశం చూసేవాడు, వేరే మూలన ఉన్న బంటును జరుపుతూ, "అబ్బ, ఎట్ల కొడ్తున్నవు పటేలా" అనేవాడు. దానికి జగపతి ఎత్తు అని పేరు కూడా పెట్టారు. పెట్టింది జగపతే.

ప్రియదర్శిని జనగామ పిల్ల. అక్కడ కుమారస్వామి సారు అనే రిటైరైన డ్రాయింగు టీచరు ఇంటి వరండాలో ఆరేళ్ళు చదరంగం నేర్చుకుంది. కాలేజీ తరఫున ఆడి రెండు షీల్డులు తెచ్చింది. ఆ షీల్డుల్లో ఒకదాన్ని వాళ్ళమ్మ ఇప్పుడు మిరపపొడి డబ్బా మీద మూతగా వాడుతోంది. కొత్త కోడలిగా తలుపు వెనక నిలబడి, సర్వపిండి ముక్క నములుతూ, మొదటి ఆదివారం జగపతి ఎత్తును చూసినప్పుడు ఆమె నమలడం ఆపేసింది. ఎదుటివాడు ఆ ఏనుగును తీసుకోకపోవడం చూసి, నములుతున్నది మింగడం కూడా మరిచిపోయింది.

ఆ ఎదుటివాడు తుల్సీరాం. దంతాలపల్లి దారిలో తండా ఆయనది. జగపతి చేను వెనక ఆయనకు రెండెకరాలుంది. అక్కడికి వెళ్ళాలంటే జగపతి గట్టు మీదినుంచి ఐదు నిమిషాలు, లేదంటే ఒర్రె అనే పిల్లవాగు చుట్టూ తిరిగి ముప్పావుగంట. గట్టు మీద బాట ఇమ్మని రెండేళ్ళుగా ఆదివారాలు వచ్చి ఓడిపోతున్నాడు. ప్రతిసారీ జగపతి, "చూద్దాం తియ్యి" అంటాడు. అంతటితో ఊరుకోడు.

"జర మంచిగ ఓడు తుల్సీరాం. గిట్ల ఓడితె మజా లేదు. జర కొట్లాడినట్టు చేసి ఓడాలె."

"నేర్చుకుంట పటేలా" అంటాడు తుల్సీరాం.

ఆ రోజు ప్రియదర్శిని కళ్ళు బల్ల మీదే ఉన్నాయి. తుల్సీరాం చెయ్యి గుర్రం మీదికి వెళ్ళింది. ఆ గుర్రం ఒక్క గంతు వేస్తే జగపతి రాజుకు ఆట కట్టు. చెయ్యి ఒక క్షణం ఆగింది. మెల్లగా పక్కకు జరిగి ఒక పనికిరాని బంటును ముందుకు తోసింది. చాయ్ ఇవ్వడానికి వెళ్ళినప్పుడు ఆమె గొంతు తగ్గించి అడిగింది.

"గుర్రం అక్కడ పెడితె ఆట అయిపోతుండె కద, తుల్సీరామన్నా."

ఆయన చాయ్ గ్లాసు మీదినుంచి చూశాడు. దొంగతనం పట్టుబడినవాడిలా కాదు, చాలాకాలానికి సొంతూరివాళ్ళు కనబడినట్టు చూశాడు. "అయిపోతుండె కోడలమ్మా. బాట సుత అయిపోతుండె."

"మీకు గంత మంచిగ ఆట ఎట్లొచ్చింది?"

"ఓడాలంటె ముందుగాల గెలుపు కనబడాలె. లేకుంటె పొరపాటున గెలుస్తం."

ప్రియదర్శిని ఆ మాటను రోజంతా చక్కెరబిళ్ళలా చప్పరించింది.

ఇక ఆ కంప్యూటరు సంగతి. అది ఆమె భర్త విశాల్‌ది. విశాల్ భూపాలపల్లిలో ఒక ప్రైవేటు పాలిటెక్నిక్‌లో కంప్యూటరు పాఠాలు చెబుతాడు. వారమంతా నలుగురు స్నేహితులతో ఒక గదిలో ఉంటాడు, శనివారం సాయంత్రం బస్సు దిగుతాడు. ఆ గదిలో కాళ్ళు చాపుకోవడానికే చోటు లేదు కాబట్టి కంప్యూటరు నర్సింహులపేట మేడమీది గదిలో ఉంది. దానికి రాత్రీ పగలూ ఒకటే పని. తనతో తాను చదరంగం ఆడుకోవడం.

పెళ్ళయిన నాలుగోరోజు ఇద్దరూ చిల్పూరు బుగులు వెంకన్న దగ్గరికి వెళ్ళినప్పుడు, మెట్ల మీద కూర్చుని పులిహోర తింటూ విశాల్ ఆ సంగతి చెప్పాడు. వేరే పెళ్ళికొడుకులు మెట్ల మీద ఏం చెబుతారో ప్రియదర్శినికి తెలియదు గానీ, ఇది మాత్రం ఆమెకు నచ్చింది.

"దానికి ఆట ఎవ్వలు నేర్పలె. ఏ పావు ఎట్ల నడుస్తదో చెప్పిన్రు, గంతే. తెల్లవి అదే, నల్లవి అదే. ఆడుకుంట ఆడుకుంట నేర్చుకుంటది. ఒక్క మిషినుతోని అయ్యే పని కాదు. లోకంల వేలమంది తమ ఇంట్ల మిషిన్లు దానికి అప్పజెప్పిన్రు. ఎవ్వలికీ జీతం లేదు. ఇష్టం గంతే. అందరి ఇండ్లల్ల ఆడిన ఆటలు ఒక్కతాన చేరుతయి. వాటినుంచి కొత్త బుర్ర తయారైతది. కొత్తది పాతదాన్ని ఓడిస్తె, కొత్తది గద్దెక్కుతది."

"ఓడినది అలుగుతదా?"

"అలుగుడెందుకు? దాన్ని దాచిపెడ్తరు. పుట్టిన మొదటి రోజు బుర్రకాడికెల్లి నిన్నటిదాంక అన్నీ ఉన్నయి నాతాన."

"మొదటి రోజుది ఎట్లాడుతది?"

"ఏం తెల్వదు దానికి. పావులు నడుపుడు తెలుసు. ఎందుకు నడపాల్నో తెల్వదు."

"మా మామయ్య లెక్క" అందామనుకుంది. నాలుగో రోజే కదా అని ఆగింది.

ఆ కంప్యూటరు వెనకనుంచి వచ్చే వేడి అన్నం వార్చిన గిన్నె నుంచి వచ్చినంత వెచ్చగా ఉంటుంది. రెండోవారంలో చలికి పెరుగు తోడుకోక అత్తగారు లీలావతి తల పట్టుకుంటే, ప్రియదర్శిని గిన్నె తీసుకెళ్ళి ఆ వేడి దగ్గర పెట్టింది. పొద్దున్నకు గిన్నె వంచినా కదలని పెరుగు. లీలావతి వేలితో నొక్కి చూసి, ఇంకోసారి నొక్కి, "చలికాలంల గిట్ల తోడుకున్న పెరుగు నా పుట్టువుల చూడలె బిడ్డా" అంది. ఆ రోజు పక్కింటి కొమురమ్మకు కూడా ఒక గిన్నె వెళ్ళింది. లోకంలోని గొప్ప గొప్ప ఆటగాళ్ళను మట్టి కరిపించే యంత్రం తన మామిడికాయ తొక్కులోకి పెరుగు తోడుపెట్టిందని ప్రియదర్శిని పగలంతా ముసిముసిగా నవ్వుకుంది.

చిక్కంతా ఆ పెరుగుతోనే వచ్చింది. ఇంత గట్టి పెరుగు ఎక్కడిదో చూద్దామని జగపతి మొట్టమొదటిసారి మేడ ఎక్కాడు. తెర మీద పావులు వాటంతటవే కదులుతుంటే చూసి, ఇదేంటని విశాల్‌ను నిలదీశాడు. విశాల్ చిల్పూరు మెట్ల మీద చెప్పిన మాటలే మళ్ళీ చెప్పాడు.

"గురువు లేకుండ ఇద్య ఏందిరా?" అన్నాడు జగపతి. "గందుకే మన పోరగాండ్లు గిట్ల తయారైన్రు. దాన్ని నాతోని ఆడియ్యి. నేను నేర్పుత."

విశాల్ ముఖం చూసి ప్రియదర్శినికి జాలి వేయాల్సింది. కోపం వచ్చింది. ఇరవై తొమ్మిదేళ్ళ మనిషి, వందమందికి పాఠాలు చెప్పే మనిషి, తండ్రి వెనక నిలబడి బడిపిల్లాడిలా పాత ఫైళ్ళు వెతికాడు. పుట్టిన మొదటి రోజు బుర్రను తీసి తెరమీద పెట్టాడు. అది ఎటు పడితే అటు నడిచింది. జగపతి ఏనుగు బయటికి వచ్చినా దానికేమీ తోచలేదు. ఇరవై రెండు ఎత్తుల్లో జగపతి గెలిచాడు. మేడ దిగుతూ వీధివైపు తిరిగి గట్టిగా అన్నాడు.

"లోకం మొత్తం మొక్కే మిషినంట. ఇర్వై రెండెత్తుల్ల పండవెట్టిన."

అప్పటినుంచి ప్రతి ఆదివారం ఊరివాళ్ళను ఓడించాక మేడ ఎక్కి యంత్రాన్ని కూడా ఓడించి దిగేవాడు. "మొన్నటికన్న జర మంచిగ ఆడుతున్నది. నేర్చుకుంటున్నది" అనేవాడు. అదే బుర్ర, అవే తప్పులు. కొత్త కోడలు తలుపు వెనక కొంగు తడిసేదాకా నవ్వేది.

ఆ నవ్వు ఎక్కువరోజులు నిలవలేదు, ఎందుకంటే ఆమెకూ ఒక అర్జీ ఉంది. భూపాలపల్లిలో గట్టమ్మ అనే ఆవిడ ఇంట్లో రెండు గదుల వాటా ఖాళీగా ఉంది. ప్రియదర్శిని ఒక్కసారే చూసింది. పచ్చరంగు తలుపు, వంటింటికి అరచేతి వెడల్పు కిటికీ, ముందుగది దూలానికి ఉయ్యాల కొక్కెం. ఆ కొక్కేన్ని చూసినప్పటినుంచి ఆమెకు వేరే ఇల్లు ఇల్లులా కనబడడం లేదు. మొగుడు శనివారం చుట్టంలా వచ్చి సోమవారం బస్సెక్కే కాపురం కాకుండా, రోజూ సాయంత్రం చెప్పులు విప్పే చప్పుడు వినబడే కాపురం కావాలి. గట్టమ్మ ఫోనులో తేల్చి చెప్పింది. "నెలాఖరుదాంక ఆపుత బిడ్డా. వేరేటోళ్ళు తిరుగుతున్నరు. ఆ తర్వాత నా చేతుల లేదు."

జగపతి మాట దాటి ఆ ఇంట్లోంచి ఎవరూ వేరు కాపురం వెళ్ళలేదు. విశాల్ మూడు ఆదివారాలు తండ్రితో ఆడి, ఓడి, చేతులు కట్టుకుని అడిగాడు. మూడుసార్లూ వచ్చింది ఒకటే జవాబు, "చూద్దాం తియ్యి." నాలుగోసారి జగపతి ముఖం చిట్లించాడు కూడా. "కన్నకొడుకు ఓడుడు ఓడుడా? వాడు పుట్టుకతోనే ఓడిండు."

ప్రియదర్శిని ఆ మాట విని లోపలికి వెళ్ళి పిండి గట్టిగా పిసికింది. ఆ రోజు రొట్టెలు ఎవరూ కొరకలేకపోయారు.

అప్పుడే జిల్లా పిల్లల పోటీలు వచ్చాయి. మహబూబాబాద్‌లో, ఊరివాళ్ళ మాటలో మానుకోటలో, నూటయాభైమంది పిల్లలు ఆడతారు. నిర్వహించే చదరంగ సంఘానికి జగపతి గౌరవాధ్యక్షుడు. ఏటా టెంటు, కుర్చీలు పంపుతాడు, అదీ ఆ గౌరవం. ఈసారి ఆయన టెంటుతోపాటు ఒక ఆలోచన కూడా పంపాడు. పోటీలు మొదలయ్యే ముందు స్టేజీ మీద, పెద్ద తెర పెట్టి, అందరూ చూస్తుండగా తాను ఆ యంత్రాన్ని ఓడిస్తాడు. వారం ముందే చౌరస్తాలో ఫ్లెక్సీ లేచింది. అందులో జగపతి గడ్డం కింద చెయ్యి పెట్టుకుని దూరంగా చూస్తున్నాడు. ఎదురుగా ఒక ఇనుప మనిషి నెత్తినుంచి చెమటలు కారుస్తున్నాడు.

"మానుకోటల గెలిచినంక మీ భూపాలపల్లి ముచ్చట తేలుస్త" అన్నాడు జగపతి కొడుకుతో. "గా సంబురంల కాదంటనా?"

ఆ శనివారం మేడమీది గదిలో మొగుడూ పెళ్ళాలకు మొదటి కొట్లాట అయింది.

"బాపు గెలిస్తె మనకు ఇల్లు" అన్నాడు విశాల్. "మొదటి రోజు బుర్రనే పెడ్త. లాప్‌టాప్‌ల ఎక్కించిన. ఎవ్వలికి తెలుస్తది?"

"నూటయాభైమంది పిల్లలకు తెలుస్తది. మూడో ఎత్తుకే నవ్వుతరు. అంపైరుగ వచ్చేది మా కుమారస్వామి సారు. ఆయనకు నా ముఖం చూస్తెనే తెలుస్తది."

"గయితె ఏం చేయాలె? మిషినును గెలిపిచ్చి బాపు ఇజ్జత్ తీయాల్నా?"

"ఇజ్జతా? అది ఉంటె కద తీసుడు. ముప్ఫై ఏండ్లసంది ఊరు ఊరంత కలిసి ఒక్కమనిషికి జోలపాట పాడుతున్నరు. నువ్వు సుత మిషిను తెచ్చి దానితోని పాడిస్తున్నవు. ఇంకెక్కడన్న దేశంల ఉన్నోళ్ళు అది నేర్వాలె అని కరెంటు కాలుస్తున్నరు. నువ్వు అది మర్చిపోవాలె అని కాలుస్తున్నవు."

విశాల్ మంచం అంచున కూర్చున్నాడు. "నీకు ఇల్లు వద్దా?"

ప్రియదర్శినికి ఉయ్యాల కొక్కెం కళ్ళముందు ఊగింది. "కావాలె" అంది. "కని ఓడి తెచ్చుకున్న ఇంట్ల పాలెట్ల పొంగియ్యాలె?"

అని అలిగి పడుకుంది గానీ, పొద్దున్నే లేచి పెరుగు గిన్నె తీసి చూసి, బాగా తోడుకుందని సంతోషపడింది. ఆమె కోపాలకు అంత ఓపిక లేదు.

పోటీల రోజు ఫంక్షన్ హాలు నిండిపోయింది. ముందు వరసల్లో పిల్లలు, మధ్యలో తల్లిదండ్రులు, వెనక రెండు ట్రాక్టర్లలో నర్సింహులపేట నుంచి చప్పట్ల కోసం తెచ్చిన జనం. వాళ్ళలో తుల్సీరాం కూడా ఉన్నాడు. లీలావతి పట్టుచీర కట్టుకుని ముందు కుర్చీలో కూర్చుంది. స్టేజీ మీద ఒకవైపు జగపతి, ఇంకోవైపు లాప్‌టాప్. పక్కన మైకు పట్టుకుని కుమారస్వామి సారు. ఆఖరు క్షణంలో విశాల్ లాప్‌టాప్‌ను పెళ్ళాం ముందుకు జరిపాడు.

"నువ్వే కూసో. బాపు ఎదురుంగ నాతోని కాదు."

తెర మూలన రెండు ఫైళ్ళున్నాయి. మొదటి రోజుది ఒకటి, తర్వాత పిల్లలకు చూపిద్దామని విశాల్ తెచ్చిన నిన్నటిది ఒకటి. ప్రియదర్శిని వేలు మొదటిదాని మీదే ఉంది. ఇల్లు కావాలి కదా.

జగపతి మైకు తీసుకున్నాడు. "ఈ మిషినుకు గురువు లేడన్నరు. నేనున్న. నాలుగు ఐతారాలు కూసోవెట్టి నేర్పిన. పిల్లలు, గెలుసుడు ఎట్లనో నన్ను చూసి నేర్చుకోండ్రి." చప్పట్లు వచ్చాయి. ట్రాక్టర్ల జనం ఇంకొంచెం సేపు కొట్టారు. ఆయనకు ఊపు వచ్చింది. "అగో, వెనుక తుల్సీరాం ఉన్నడు. లెవ్వు తుల్సీరాం, చూడనియ్యి. రెండేండ్లసంది నాతోని ఆడుతున్నడు. ఒక్కపారి గెల్వలె. ఓడుడు సుత సక్కగ రాదు. అసొంటోనికి సుత ఓపికతోని నేర్పుతున్న, మిషినొక లెక్కనా?"

హాలంతా నవ్వింది. తుల్సీరాం లేచి, అందరికీ దండం పెట్టి, తానూ నవ్వి కూర్చున్నాడు.

ఆ తర్వాత జరిగినదాన్ని నిర్ణయం అనడం కొంచెం పెద్దమాట. ప్రియదర్శిని వేలు దానంతటదే రెండో ఫైలు మీదికి వెళ్ళి నొక్కింది, అంతే.

జగపతి తెల్లపావులు తీసుకున్నాడు. అంచు బంటును రెండు గడులు జరిపాడు. యంత్రం నడిమి బంటును జరిపి ఒంటెకు దారి ఇచ్చింది. జగపతి ఏనుగును బయటికి తోలి, పిల్లల వైపు తిరిగి కనుబొమలు ఎగరేశాడు. యంత్రం ఏనుగును తీసుకుంది.

ముప్ఫై ఏళ్ళలో ఆ ఏనుగును ఎవరూ తీసుకోలేదు. తీసుకోకూడదన్న మర్యాద యంత్రానికి తెలియదు. దానికి బాట అక్కర్లేదు, సంతకం అక్కర్లేదు, తహసీలు ఆఫీసులో పని లేదు. జగపతి ఖాళీ గడి వైపు చూశాడు. తర్వాత కోడలి వైపు చూశాడు. "ఇదేంది, గిట్ల తీసిందేంది" అన్నాడు, పంక్తిలో ఎవరో తన విస్తరిలోంచి లడ్డూ ఎత్తుకుపోయినట్టు.

"తీయొచ్చు సార్" అన్నాడు కుమారస్వామి మైకులోనే, ఎంతో మర్యాదగా. "రూల్సుల ఉన్నది."

బదులుగా ఒంటెను పడగొట్టాడు గానీ ఆ తర్వాత ఆయన ఆటలో ఏదీ నిలవలేదు. మంత్రి పోయింది, రెండో ఏనుగు పోయింది, రాజు ఒంటరిగా మూలకు నడిచాడు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఇంటి గెలుపే ఊరు పెట్టిన భిక్ష అయితే రచ్చలో ఏం మిగులుతుంది? పదిహేడో ఎత్తులో ఆట కట్టు.

ట్రాక్టర్ల జనం ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. తర్వాత ముందువరసలో రెండు జడల పిల్ల ఒకతె చప్పట్లు కొట్టింది. దాంతో పిల్లలందరూ కొట్టారు. వాళ్ళు కొట్టింది మంచి ఆటకు, మనిషికీ కాదు, యంత్రానికీ కాదు. లీలావతికి ఏం జరిగిందో తెలియక, అందరూ కొడుతున్నారు కాబట్టి తానూ గట్టిగా కొట్టింది. పెనిమిటి ముఖం చూశాక కూడా ఆపలేదు. మొదలుపెట్టాక ఆపడం బాగుండదనుకుంది కాబోలు.

"లైటు కండ్లల్ల వడ్డది" అన్నాడు జగపతి. "పీట కాదు, కుర్చీ. కుర్చీల కూసుంటె నాకు ఆట రాదు."

విశాల్ లేచి నిలబడ్డాడు. ముఖం సున్నం కొట్టినట్టుంది. "బాపు, ఇంట్ల నాలుగు ఐతారాలు నీతోని ఆడింది..." అని మొదలుపెట్టాడు. నిజం ఆయన నెత్తిన ఇప్పుడే పడేస్తే ఇక భూపాలపల్లి లేదు, నర్సింహులపేట కూడా లేదు. ప్రియదర్శిని మైకు దగ్గరికి వంగింది.

"మామయ్యా, ఓడినోడే అడగాలె. మీ మాటే కద. ఏం కావాల్నో అడుగుండ్రి."

అప్పుడు వెనకనుంచి ఒక గొంతు వచ్చింది, ఎంతో వినయంగా.

"అడుగు పటేలా. నామోషీ లేదు. మేం అడుగుతలేమా?"

తుల్సీరాం గొంతు అది. దాని వెంట ట్రాక్టర్ల జనం అంతా అందుకున్నారు. "అడుగు పటేలా, అడుగు." ముప్ఫై ఏళ్ళు అడిగినవాళ్ళు, ఒకళ్ళ వెనక ఒకళ్ళు, చేతులు కట్టుకోకుండా.

జగపతి లేచాడు. తనకు తెలియకుండానే ఆయన చేతులు ఒకదాని మీద ఒకటి చేరాయి. ఓడినవాళ్ళు ఎలా నిలబడతారో ఆయన చూసినంతగా ఎవరు చూశారు? చూసుకుని, గబుక్కున విడదీసి మీసం మీదికి పోనిచ్చాడు.

"ఈ మిషిను నా ఇంట్ల ఉండొద్దు" అన్నాడు. "తీస్కపోండ్రి."

"ఎక్కడికి మామయ్యా?"

"ఎక్కడికన్న. గా భూపాలపల్లికి తీస్కపోండ్రి. ఇద్దరు పోయి కూసోండ్రి దానిముందట."

హుకుం ఇచ్చినట్టే అన్నాడు. కానీ హాలులో అందరికీ తెలుసు, అది అర్జీ అని.

"చూద్దాం తియ్యుండ్రి" అంది ప్రియదర్శిని. అనేశాక నాలుక కరుచుకుంది. అది ఆ ఇంటి మాట. నలభై రోజుల్లో ఆమెకూ అంటుకుంది.

నెలాఖరుకు రెండు రోజుల ముందు, పచ్చతలుపు వాటాలో పాలు పొంగాయి. గట్టమ్మ వచ్చి, కొక్కేనికి ఉయ్యాల ఇంకా ఎందుకు కట్టలేదని అడిగింది. కొత్త పెళ్ళికూతురు సిగ్గుపడాల్సిన చోట, "నేనే ఊగుత, కట్టియ్యుండ్రి" అంది. విశాల్ వంటింటి పక్కన కంప్యూటరు బిగించాడు. అది మళ్ళీ తనతో తాను ఆడుకోవడం మొదలుపెట్టింది. వెనక పాలగిన్నె కుదురుగా కూర్చుంది. సాయంత్రం ఇద్దరూ చాప మీద బల్ల పరిచారు. ఆరో ఎత్తులో విశాల్ చెయ్యి మంత్రి మీదికి వెళ్ళి, ఆగి, పక్కనున్న బంటు మీదికి జరిగింది. ప్రియదర్శిని ఆ చేతి మీద చిన్న దెబ్బ వేసింది.

"ఈ ఇంట్ల గట్ల ఓడొద్దు."

"అలవాటు" అన్నాడు విశాల్. మంత్రిని జరిపాడు. ఆ ఆట అతనే గెలిచాడు, ఆమె నిజంగానే రెండు నిమిషాలు అలిగింది. అంత హాయిగా ఆమె ఎప్పుడూ అలగలేదు.

ఆ ఆదివారం మధ్యాహ్నం లీలావతి ఫోను చేసింది.

"పెరుగు తోడుకుంటలేదు బిడ్డా. నీళ్ళు నీళ్ళు. మిషిను పోయింది, నా పెరుగు పోయింది. మీ మామకు చెప్పిన, నువ్వు అడగాల్సింది అడగకుండ గదేం అడిగినవని."

"మామయ్య మంచిగున్నడా?"

"ఏం మంచి. పొద్దుగాల పీటేసుకుని కూసున్నడు. తుల్సీరాం వచ్చిండు. ఆడిన్రు. గా ఏనుగు రాంగనే తుల్సీరాం తీసి పక్కకు వెట్టిండు. దగ్గలేదు, ఆకాశం దిక్కు చూడలేదు. ఇగ నేనేం చెప్పాలె, మూడుపార్లు ఆడిన్రు, మూడుపార్లు తుల్సీరామే గెలిచిండు."

ప్రియదర్శిని ఫోను స్పీకరులో పెట్టింది. విశాల్ దగ్గరికి జరిగాడు. "మరి బాపు ఏమడిగిండమ్మా? ఓడినోడే అడగాలె కద."

"అడిగిండు. ఏమడుగుతడు, ఇంకొక్క ఆట ఆడు తుల్సీరాం అన్నడు. జిద్దు తగ్గిందనుకున్నవా?"

"తుల్సీరామన్న ఏమన్నడు?"

లీలావతి కాసేపు నవ్వు ఆపుకోలేకపోయింది. తర్వాత చెప్పింది.

"పొద్దు పోతది పటేలా, ఒర్రె చుట్టు తిరిగి పోవాలె అన్నడు. గట్టుమీద బాట ఇయ్యి, రోజు వచ్చి ఆడుత అన్నడు."